మా అద్దింటి పెరట్లో మేకపోతు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదని గట్టి నమ్మకం. (జీతం పెరిగేకొద్దీ అది తగ్గుతూ వచ్చింది.) దుర్గి దగ్గర ఒక పల్లెకు పశువుల డాక్టరుగా వెళ్ళాను. మిరపలో దెబ్బతిని మేకలు పెట్టిన బాబాయ్ ఒకాయన (పిలుపుకే బాబాయ్, చుట్టరికమేమీ లేదు) ఒకరోజు భార్యతో వచ్చి ఆసుపత్రి అరుగు మీద కూలబడ్డాడు. "చానా నెలలైందమ్మా, ఒక్క మేకా చూలు కట్టలా. వచ్చే సంతకి మందంతా కోతకి తోలేస్తా," అన్నాడు. పిన్ని కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ మేకల్ని ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేది ఆవిడే.

వెళ్ళి చూస్తే మందలో జబ్బేమీ కనపడలేదు. పోతూ దిట్టంగానే ఉంది. దాని గడ్డం, నడక చూసి ఊళ్ళో ప్రెసిడెంటు అని పిలిచేవారు. ఏడాది పొడుగునా అది మంద మధ్యలోనే ఉంటోంది. "బాబాయ్, ఎప్పుడూ కళ్ళెదుటే ఉంటే ఆడమేకలు పట్టించుకోవు. దీని అరుపు, వాసన తగలనంత దూరం కొన్ని వారాలు పంపించి, తర్వాత ఒక్కసారిగా తెచ్చి వదిలితే అన్నీ ఎదకొస్తాయి," అన్నాను.

బాబాయ్ నన్ను జాలిగా చూశాడు. "కాపరం చేసేవోణ్ణి ఊరు దాటిస్తే పిల్లలు పుడతారంటావేందమ్మా?"

"చదువుకున్న పిల్ల చెప్తంది గదా, ఈ ఒక్కసారి ఇను," అంది పిన్ని. "అయినా ఆ కంపుని ఎవురింట్లో పెడతాం?"

చుట్టుపక్కల ఎవరూ ఒప్పుకోలేదు. సంత దగ్గర పడుతోంది. ఇంకేం, మా ఇంట్లో పెడదామని నేనే అనేశాను.

మాచర్లలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలిని అత్తయ్యా అనేదాన్ని. "కుక్కపిల్లంటే ఊరుకునేదాన్నే, ఇదేందే," అని ఆవిడ వీధివైపు గదిలోకి మకాం మార్చేసింది. మేకపోతు తన అత్తరు తానే తయారుచేసుకుని తన గడ్డానికి తానే పూసుకుంటుంది. (దేంతోనో అడగకండి.) రోజూ మేత వేసేసరికి ఆ కంపు నా చున్నీకీ, జడకీ, చివరికి టిఫిన్ క్యారియర్‌కీ పట్టింది. బస్సులో జనం కిక్కిరిసి నిలబడినా నా పక్క సీటు మాత్రం ఖాళీ. కండక్టరు చెయ్యి బారుగా చాచి టిక్కెట్టు అందించేవాడు.

బాబాయ్ చేత అమ్మకం వాయిదా వేయించాను. పోతుని తిరిగి పంపే గడువు ఇంకా ఉండగానే టీకాలు వెయ్యడానికి మంద దగ్గరికి వెళ్ళాను. దొడ్డి తడిక తీశానో లేదో, ఎప్పుడూ సూది చూసి పారిపోయే మేకలన్నీ నా చుట్టూ మూగాయి. ఒకటి చున్నీ వాసన చూస్తోంది, ఒకటి తోక ఆడిస్తూ నా నడుముకు ఒళ్ళు రుద్దుతోంది. నేను పక్కకు జరిగితే మందంతా నాతోపాటే జరిగింది.

"ఏమయ్యో, ఇటు రా," అని పిన్ని కేకేసింది. "మన డాక్టరమ్మని పోతనుకుంటన్నయ్యి."

మిరప పోయినప్పటినుంచీ నవ్వని బాబాయ్ గోడకు ఆనుకుని, కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. నేను చదివింది నిజమైనందుకు సంతోషించాలో, నిజమైన తీరుకు సిగ్గుపడాలో నాకు అర్థం కాలేదు. "ఇంక ఆగొద్దు, దాన్ని తీసుకురండి," అన్నాను. సాయంత్రానికి ప్రెసిడెంటు ఆటోలో దిగింది. కొద్దిరోజులకే మంద ఎదకొచ్చింది. బాబాయ్ బేరగాడికి ఫోన్ చేసి, మేకలు అమ్మడం లేదని చెప్పేశాడు.

వానాకాలంలో ఇల్లంతా మేకపిల్లలేనట, మంచం కింద కూడా. ఆ సంబరంలో ఒకరోజు నిండు బస్టాండులో, బస్సు కిటికీ పక్కన కూర్చున్న నన్ను చూపించి బాబాయ్ అందరికీ వినపడేలా, "మా మేకలన్నీ చూలు కట్టింది ఈ డాక్టరమ్మ వల్లే," అన్నాడు. నేను చున్నీ ముఖానికి కప్పుకుని సీట్లోకి ఒదిగిపోయాను. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త బాధా వేస్తుంది. ఉద్యోగంలో అంత మంచి మాట మళ్ళీ ఎవరూ అనలేదు. అప్పుడే బస్సు దిగి, దర్జాగా దండం పెట్టి ఉండాల్సింది.