గ్రేస్ సిస్టర్ అడిగిన ఫోను

2024 వానాకాలం. వైజాగ్ వన్ టౌన్‌లో నాది సెకండ్‌హ్యాండ్ ఫోన్ల షాపు. ఓడల మీద పనిచేసే కుర్రాళ్లు సెలవుకి వచ్చినప్పుడు తెచ్చే ఫారిన్ ఫోన్లే నా సరుకులో మేలైనవని అప్పట్లో నాకు గొప్ప.

ఒక మధ్యాహ్నం గ్రేస్ సిస్టర్ వచ్చారు. నర్సు, యాభై దాటిన మనిషి. ఒక మోడల్ పేరు చెప్పి, "అన్‌లాక్‌డ్‌ది కావాలి తమ్ముడూ" అన్నారు. మూడు తీసి ముందు పెట్టాను. ఆవిడ కెమెరా కూడా చూడకుండా సెట్టింగుల్లోకి వెళ్లి 'ఓఈఎం అన్‌లాకింగ్' అనే స్విచ్ నొక్కారు. మూడింటిలోనూ అది కదల్లేదు.

"ఏ సిమ్మేసినా పన్జేత్తాది సిస్టర్. ఇంకేటి కావాలి?" అన్నాను.

"సిమ్ సంగతి కాదు. ఇందులో ఉన్న సిస్టమ్ తీసేసి వేరేది ఎక్కించాలి."

ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు ఏ సిస్టమ్‌ను రానివ్వాలో చూసే కాపలాదారు ఒకటుంటుంది. దాని పేరు బూట్‌లోడర్; సిస్టర్ నొక్కిన స్విచ్ దాని తాళం తీయనిచ్చేదే. విదేశాల్లో సిమ్ కంపెనీలు అమ్మే కొన్ని ఫోన్లలో ఆ తాళం ఎప్పటికీ ఊడదు. నా మూడూ అలాంటివే.

"అంత రాద్ధాంతం ఎందుకండీ?" అని విసుక్కున్నాను.

"ఇంట్లో తెలియకుండా మా దగ్గర మందులు తీసుకునే ఒకావిడ నంబరు నా ఫోన్లో ఉంది. ఒక యాప్ నా నంబర్లన్నీ చదివేసి, ఆవిడ ఫోన్లో నా ఫొటో వేసి, 'మీకు తెలిసినవారేమో' అంది. పక్కనున్న మరిది చూసి, ఈ నర్సు నీకెలా తెలుసని నిలదీశాడట. అప్పట్నించి మందులకి రావట్లేదు. అవి ఆపితే ప్రాణానికే ముప్పు."

"నంబర్లు చూడనివ్వకుండా ఆపేయొచ్చు కదా?"

"ఆపితే ఆ యాప్ తెరుచుకోదు. మా డ్యూటీలన్నీ అందులోనే పెడతారు. ఈ కొత్త సిస్టమ్‌లో అయితే యాప్‌కి ఖాళీ లిస్టు చూపించొచ్చు."

ఏం జబ్బని అడిగాను. చెప్పలేదు.

అయినా ప్రాణానికే ముప్పన్న మాటతో నాకూ పట్టుదల వచ్చింది. తెలిసిన షాపులన్నిటికీ ఫోన్ చేశాను. "ఏటి బావ, ఫోన్ కొంతన్నావా, పెళ్లిసంబంధం సూత్తన్నావా?" అని కూర్మన్నపాలెం షాపతను నవ్వాడు. నవ్వితే నవ్వనీ అని వానలో బండేసుకుని వెళ్లాను. అతని దగ్గరున్నవీ ఓడల సరుకే. చివరికి ఆనందపురంలో ఒక లెక్చరర్ గారు అమ్మకానికి పెట్టిన ఫోను దొరికింది. ఇక్కడి షోరూమ్‌లో కొన్నదే. వైఫై పెట్టి నొక్కగానే స్విచ్ వెలిగింది. నా ప్రాణం లేచొచ్చింది.

నా కంప్యూటర్ నుంచే సిస్టర్ కొత్త సిస్టమ్ ఎక్కించారు. సగంలో కేబుల్ ఊడి ఆగిపోయేసరికి ఫోను పోయిందనుకున్నాను. ఆవిడ కేబుల్ మార్చి మళ్లీ మొదలుపెట్టారు. అంతా అయ్యాక అలవాటుగా పాత నంబర్లు కాపీ చేయబోతే నా చెయ్యి పట్టుకున్నారు.

"అవి నేనే ఎక్కించుకుంటాను. నువ్వు కూడా చూడకూడదు."

కొన్ని నెలల తర్వాత స్క్రీన్ గార్డ్ మార్పించుకోవడానికి వచ్చారు.

"ఆ మందులావిడ మళ్లీ వత్తందా సిస్టర్?" అని అడిగాను. అంత తిరిగినవాణ్ని, ఆ మాత్రం తెలుసుకునే హక్కు ఉందనుకున్నాను.

"ఎవరు?" అన్నారు, నా మొహంలోకి సూటిగా చూస్తూ.

చిన్నబుచ్చుకున్నాను. కోపం కూడా వచ్చింది. ఇంటికెళ్లాక మాత్రం, ఆ మందులు మా చెల్లెలివే అయ్యుంటే, ఎవరో ఫోన్ల షాపువాడు అడిగితే సిస్టర్ ఏం చెప్పాలని కోరుకుంటానా అని ఆలోచించాను. ఇప్పుడు నా షాపులో ఎవరి నంబర్లు వాళ్లే ఎక్కించుకుంటారు. నేను మొహం అటు తిప్పుకుంటాను.