కొంగల చెట్ల కింద

క్లాంగ్ వీధుల్లో మెర్డేకాకు, అంటే స్వాతంత్ర్య సంబరాలకు కట్టిన తోరణాలు ఇంకా విప్పలేదు. మేం మునుపు ఉన్న సుంగై సుమున్ నుంచి మావయ్య వచ్చి, పెద్దమ్మ పోయిందని చెప్పాడు. ఆవిడ మా అమ్మకు అక్క. పెనిమిటి లేడు, పిల్లలు లేరు, అక్కడ ఉన్నన్నాళ్లూ మా ఇంట్లోనే ఉండేది. ఎండబెట్టిన చేప మీద కాకి వాలినా అదిలించేది కాదు. "దానికీ పిల్లలుంటాయి లా" అనేది, ఇక్కడి యాసలో చివర 'లా' తగిలించి. ఈ రోజు అమ్మ బతికుందంటే ఆవిడ చలవే.

తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో మా కొబ్బరితోటలో కూలీల ఇళ్ల లైన్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. అడవిలో దాక్కుని దొరలతో పోరాడేవాళ్లకు తిండి చేరకూడదని మా బియ్యం తగ్గించేశారు. అనుమానం మీద నాన్నను పట్టుకుపోయారు. అమ్మ అప్పటికి పచ్చి బాలింత. తిండి లేక పాలు ఎండిపోయాయి. తమ్ముడు ఏడ్చే ఓపిక కూడా లేక నోరు తెరుచుకుని పడి ఉండేవాడు.

పెద్దమ్మ సముద్రపు కట్ట మీద గడ్డి చెక్కే పనికి పోయేది. అవతల మడచెట్ల నిండా కొంగల గూళ్లు. పిల్లల నోట్లోంచి జారిన చేపలు కింద పడితే ఏరి, కడిగి, చీర చెరగున మూటకట్టి తెచ్చేది. పెద్ద తెల్లకొంగలు లోతు కాలువలో వేటాడతాయి కాబట్టి వాటి గూళ్ల కింద కండగల చేప దొరికేది. చిన్న తెల్లకొంగలవి బురదలో రొయ్యపిల్లలు. పొద్దుగూకాక వేటకు లేచే బూడిద కొంగల కింద పీతకాళ్లే. అందుకని తిన్నగా పెద్దవాటి కిందికే పోయేది.

లైన్లో ఆడవాళ్లు గంజి కోసం జుట్లు పట్టుకున్న రోజున పెద్దమ్మ నాతో అంది: "ఆ కొంగల కాపురాలన్నీ ఒక్క సెట్టు మీదే. తిండికి మాత్రం ఎవల దారి ఆలదే. మనకి ఇంకో దారి లేకుండా సేసినారు గదమ్మా."

పక్షుల ఎంగిలి ఎలా తినేదని మొదట్లో అమ్మ ఏడ్చింది. పిల్లడు బతకాలంటే తినమని పెద్దమ్మ కసిరింది. అమ్మ తింది. కొన్నాళ్లకు పాలు పడ్డాయి. తమ్ముడి ఏడుపు మళ్లీ లైనంతా వినిపించింది.

అంతలో ఓ సాయంత్రం గేటు దగ్గర కాపలావాళ్లు మూట విప్పించారు. ఎవరూ వేటకు పోకుండా పడవలు కట్టేయించాక చేపలెక్కడివని అడిగారు. కొంగలవంటే, ఆవిడ మాట దొరలకు తిప్పి చెప్పే మేస్త్రి నవ్వాడట. అడవివాళ్లను కలుస్తోందని స్టేషన్‌కు తీసుకుపోయారు. ఏ గూటి కింద ఏం పడుతుందో ఆవిడ చెబుతూనే ఉందట. చెట్ల దాకా వెళ్లి చూసినవాళ్లు లేరు. ఆవిడ లేని రోజుల్లో అమ్మకు పాలు మళ్లీ ఎండిపోయాయి.

విడిచిపెట్టగానే ఆవిడ ఇంటికి రాలేదు, చెట్ల కిందికి పోయింది. మూటతో వచ్చేసరికి తమ్ముణ్ణి పూడ్చేసి ఉన్నాం. ఖాళీ ఉయ్యాల చూసింది. పొయ్యి రాజేసి చేప ఉడకబెట్టింది. తమ్ముడు పోయినప్పటి నుంచి అమ్మ పచ్చి గంగ ముట్టలేదు.

"నాకెందుకక్కా ఇంక," అంది.

"ఆడి కోసం కాదే. నీ కోసమే తెచ్చినాను. నోరు తెరువు."

ముళ్లు తీసి, మెత్తగా చిదిపి నోటికందించింది. అమ్మ ఏడుస్తూనే నమిలింది. పెద్దమ్మ ఒళ్లో గిన్నెతో ఉయ్యాలకు వీపు పెట్టి కూర్చుంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆగలేదు.