రొయ్యల బండికి కొబ్బరి తాడు

మాది రాజోలు దగ్గర పల్లె. పికప్ వ్యాన్‌లో రొయ్యలు తోలుతాను. కారే ఉప్పునీళ్ళకి బండి కింద స్టెప్నీని పట్టి ఉంచే ఇనప చట్రం తుప్పు పట్టింది. వెల్డింగ్‌కి వెళ్ళే ఓపిక లేక రేపు, రేపు అంటూ వచ్చాను. ఒకరోజు నాన్నగారే కింద దూరి, టైరుని కొబ్బరి తాడుతో బండికి కట్టేశారు.

"నలుగురూ నవ్వుతారు నాన్నగారూ" అన్నాను విసుగ్గా.

"ఉప్పుకి ఇనుము ఆగదురా. తాడు ఆగుద్ది."

మర్నాడు రావులపాలెం దారిలో బండి కింద ఫెళ్ళుమంది. వెనక స్కూటర్ మీదొస్తున్న ఆవిడ కేకేసింది. "ఆపండి బాబూ, టైరు వేలాడుతోందండీ!"

దిగి చూస్తే చట్రం రెండు ముక్కలు. టైరు తాడు మీదే ఆగింది. స్కూటర్ మీద ఆవిడ ముందు నిలబడ్డ చిన్నపాప నా వంకే చూస్తోంది. తాడుని ఇంకోసారి బిగించి కట్టి, నెమ్మదిగా బండి తీశాను.

ఆ సాయంత్రమే కొత్త చట్రం వెల్డింగ్ చేయించాను. ఇంటికొచ్చాక, నాన్నగారు అడగకముందే తాడు తెచ్చి, దీనికీ కట్టమని ఆయన చేతికిచ్చాను.