ఓ గ్రూపుని బి అని రాశాను

పన్నెండేళ్లపాటు నేను దాచింది ఒక్క అక్షరం. అంత చిన్నది ఇంత బరువుంటుందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. మోశాను కనక చెబుతున్నాను. నా పేరు మీకు అనవసరం. పేరుతో చెప్పాల్సినవాళ్లకి పేరుతోనే చెప్పేశాను. ఆ తరవాతే మీ ముందు కూర్చున్నాను.

గోదావరి గట్టు దిగువన ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తాను. అక్కడ నాతోపాటు రత్నకుమారి అనే నర్సు ఉండేది. నాకంటే పదేళ్లు చిన్న. వాళ్ల నాన్నగారు మిషను బడిలో మేష్టారు. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. చాలామంది వరసలు నోటితో కలుపుతారు. ఆవిడ అలా కాదు, మనసులో అనుకునే పిలిచేది.

ఆ ఏడు సిబ్బందికి గుర్తింపు కార్డులు ఇస్తామని అందరి రక్తం గ్రూపులూ చూడమన్నారు. రక్తం చుక్క మీద మందు చుక్క వేస్తే ఎ వాళ్లకి ఒకచోట, బి వాళ్లకి ఇంకోచోట రవ్వలు కడుతుంది. నా రక్తం ఆ రెండుచోట్లా రవ్వ కట్టలేదు. ఆవిడదీ కట్టలేదు. ఇద్దరిదీ ఓ పాజిటివ్. కార్డులు ఇంకా రాయలేదు, ఆవిడకి ఆ సంగతి తెలియదు.

కాకినాడలో నాకు ట్రైనింగు ఇచ్చిన పెద్ద డాక్టరుగారు ఒక సంగతి చెప్పారు. ఎర్రకణాల మీద ఉండే గుర్తుల్ని బట్టే ఈ గ్రూపులన్నీ. అలాంటి గుర్తులే పేగుల గోడల మీదా ఉంటాయట. ఒక్కో రోగం ఒక్కో గుర్తు వాళ్లని ఒక్కోలా చూస్తుందట. మలేరియా ప్రాణాల మీదకి వచ్చినప్పుడు ఓ వాళ్లు కాస్త అదృష్టవంతులు. అదే కలరా అయితే వాళ్లకే గట్టిగా తగులుతుంది. ఇంత చెప్పి ఆఖర్న, "ఏ గ్రూపూ కవచం కాదు, ఏ గ్రూపూ శాపం కాదు. శుభ్రమైన నీళ్లు అందరికీ ఒకటే మందు" అన్నారు. నేను ఆ ఆఖరి మాట వదిలేసి కలరా మాట ఒక్కటే పట్టుకున్నాను. పిరికివాడి చెవులు ఎప్పుడూ సగమే వింటాయి.

వరద తీసిన వారానికి ఎదురు లంకలో విరేచనాలు మొదలయ్యాయి. శాంపిళ్లు కాకినాడ పంపాం. కలరా అని వచ్చింది. మా డాక్టరు కుర్రవాడు, నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "మీరూ సిస్టరూ లంక బడిలో పది రోజులు మకాం పెట్టండి. ఆవిడ సెలైన్లు చూసుకుంటుంది, మీరు శాంపిళ్లూ నీళ్ల క్లోరినూ చూడండి" అన్నాడు.

నేను అడ్డం చెప్పాను.

"సార్, నాది ఓ గ్రూపండి. కలరా వస్తే మా గ్రూపు వాళ్లకి ముదిరిపోతుందండి."

"ఆవిడది ఏ గ్రూపు?"

"బి అండి."

ఆలోచించి చెప్పానా? అడగ్గానే జారిపోయిందా? ఇన్నేళ్లూ రెండోదే నిజమని నాకు నేను చెప్పుకున్నాను. కానీ గదిలోకి వెళ్లి, రిజిస్టరు తీసి, ఆవిడ పేరు ఎదురుగా ఉన్న ఓ ని కొట్టేసి, గుండ్రంగా బి అని రాశాను. జారిపోయిన మాటకి ఎవరూ అంత శ్రద్ధగా కాపు కాయరు. ఆవిడదీ ఓ అని చెబితే ఇద్దరిలో నన్నే ఆపడానికి కారణం ఉండదు. అందుకే అబద్ధమాడాను. తెలిసే ఆడాను.

ఆవిడ ఒక్కర్తే పడవెక్కింది, ఇద్దరి పనీ నెత్తినేసుకుని. నాలుగో రోజున ఆవిడనే పడవలో పడుకోబెట్టి తెచ్చారు. కళ్లు లోతుకుపోయాయి. గొంతు రావట్లేదు. చేతి మీద చర్మం పట్టుకుని వదిలితే అలాగే నిలబడిపోయింది. రెండు చేతులకీ సెలైన్లు ఎక్కించారు. మా డాక్టరు నావైపు తిరిగి, "బి గ్రూపు మనిషికే ఇలా అయ్యింది, మీరు వెళ్లుంటే ఏమయ్యేదో" అన్నాడు. ఆ మాటకి నేను తలూపాను. తలూపాను చూడండి.

ఆవిడకి కలరా రావడానికి రక్తం గ్రూపే కారణమా? కాదు. ఒక ముసలమ్మ ప్రేమగా ఇచ్చిన గ్లాసుడు నీళ్లు కాదనలేక తాగిందట. అంతగా ముదరడానికి గ్రూపు ఎంత, నిద్రలేని పని ఎంత? ఎవరూ తూచి చెప్పలేరు. ఆ తెలియనితనం చాటున చాలాకాలం దాక్కున్నాను. కానీ నా తప్పుకి ఆ లెక్కతో పనేముంది? నాకు ప్రమాదమనుకున్న చోటికే, అదే రక్తం ఉన్న మనిషిని, తెలిసి పంపాను.

మూడో రోజుకి ఆవిడ లేచి కూర్చుంది. నెల తిరక్కుండా మళ్లీ ఆ లంకకే వెళ్లింది, ఈసారి తనంతట తనే అడిగి. ఇక్కణ్ణించి చెప్పేదంతా ఆవిడ గెలుపు. దాన్ని సంతోషంగానే చెప్పాలి. గడపగడపకీ తిరిగి మంచినీళ్ల బిందెలకి మూతలు పెట్టించింది. వరదకి ముందే బోర్లు శుభ్రం చేయించింది. క్లోరిన్ కంపు కొడుతోందని తిట్టిన పెద్దమనుషుల ఇంటి అరుగు మీదే కూర్చుని, ఆ నీళ్లే అడిగి తాగి చూపించింది. మరుసటేడు వరదకి కేసులు తగ్గాయి. ఆ పైయేడు ఇంకా తగ్గాయి. లంకలో ఆడపిల్ల పుడితే రత్నం అని పేరు పెట్టుకునేదాకా వచ్చింది.

ఆ గెలుపుని పక్కనే ఉండి చూశాను. ఆవిడ మెడలో కార్డు మీద నా బి వేలాడుతూనే ఉంది. కార్డులు మారినప్పుడల్లా పాత దాన్ని చూసి కొత్తది రాశారు. దిద్దే అవకాశం ఎన్నిసార్లు వచ్చిందో. ఏ దారిలోనో ప్రమాదం జరిగితే? ఆ కార్డు చూసి ఎవరైనా తొందరపడితే? ఆసుపత్రుల్లో మళ్లీ పరీక్ష చేయకుండా ఎక్కించరులే అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఈ ఎండాకాలం ఆవిడకి గర్భసంచి ఆపరేషను చేయాలన్నారు, రాజమండ్రిలో. రక్తం బాగా తక్కువగా ఉంది, దాతలు కావాలన్నారు. కబురు లంకకి చేరింది. మర్నాడు పొద్దున్నే పడవ దాటి, మూడు ఆటోల్లో కిక్కిరిసి దిగారు జనం. కార్డు మీద బి అని ఉంది కదా, బి గ్రూపు వాళ్లని ఏరుకుని మరీ ముందు నిలబెట్టారు. ఆడవాళ్లు కూడా వచ్చారు. నేను మెట్ల మీద నిలబడి ఆ వరసకేసి చూశాను.

నాకు అప్పుడే తట్టింది. ఇంకో గంటలో ఇక్కడే పరీక్ష చేస్తారు. ఓ అని తేలుతుంది. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుంటారు. నేను నోరు విప్పకపోయినా అక్షరం దానంతటదే దిద్దుకుపోతుంది. జన్మలో ఎవరికీ తెలియదు.

తలుపు అంత బార్లా తెరిచి ఉంటే బయటికి నడవకుండా ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి. తిన్నగా ఆవిడ గదిలోకి వెళ్లాను.

"సిస్టర్, మీది బి కాదండి, ఓ. బయటివాళ్లకి చెప్పాలి, ఓ వాళ్లు కావాలని."

"అయ్యో, పొరపాటు పడ్డారా అన్నయ్యగారూ?"

"పొరపాటు కాదండి. లంకకి వెళ్లాలంటే నాకు భయమేసింది. మీదీ ఓ అని తెలిసే బి అని చెప్పాను. తెలిసే రాశాను."

ఆవిడ మెల్లిగా అడిగింది.

"నన్ను పడవలో తెచ్చిన రోజున కూడా మీకు తెలుసా?"

"తెలుసండి."

"మీది కూడా ఓ యే కదండీ?"

"అవునండి."

"అయితే వెళ్లి రక్తం ఇవ్వండి" అని మొహం అటు తిప్పుకుంది.

బయటికొచ్చి లంకవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక పెద్దాయన చెయ్యెత్తాడు గానీ పక్కవాళ్లు ఆపారు. వరసలో ఓ వాళ్లెవరని అడిగితే వెనకనించి ఆరుగురు ముందుకొచ్చారు. నేను ఏడోవాణ్ణి. నా పక్క మంచం మీద పడుకున్నవాడు నాతో మాట్లాడలేదు. సూది దిగుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆపరేషను బాగా జరిగింది.

రిజిస్టరులో నా సంతకంతో దిద్ది, పై ఆఫీసుకి కాగితం పెట్టాను. విచారణ జరుగుతోంది. ఏం చేస్తారో తెలియదు. ఏం చేసినా ఎక్కువేమీ కాదు. ఆవిడ ఇప్పుడు నన్ను టెక్నీషియన్ గారూ అంటోంది. పని వరకే మాట్లాడుతుంది. క్షమించమని నేను అడగలేదు, అడగను. ఆవిడకి ఇంకో బరువు ఎందుకు?

ఈసారి వరదకి లంక బడిలో మకాం ఎవరంటే నేనన్నాను. పన్నెండు రోజులున్నాను. భయం వెయ్యలేదా? వేసింది. భయపడుతూనే ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పరీక్ష చేశాను. నాకు మంచం వేసినవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు.

నీళ్లు తీశాక మీటింగు పెట్టారు. రత్నకుమారి లేచి నిలబడి, ఈ ఏడు లంకలో ఒక్కటంటే ఒక్క కలరా కేసు లేదని చదివింది. హాలంతా చప్పట్లు. నేనూ లేచి, అరచేతులు మండేదాకా కొట్టాను. ఆవిడ కాగితం మడుస్తూ నావైపు చూసింది. నవ్వలేదు. నేను తల దించుకోలేదు.