హిట్‌ను ఎర్రర్‌గా రాసిన విశ్వనాథం గారు

విశ్వనాథం గారు గత మంగళవారం ఫార్మింగ్టన్ హిల్స్‌లో తనువు చాలించారని వారి అమ్మాయి లావణ్య ఫోన్ చేసి చెప్పింది. నిర్ఘాంతపోయాను. అది దుఃఖమని మాత్రం అనలేను. ఆయనతో నాకొక తగాదా మిగిలే ఉంది. ఇక అది తేలదు.

"అంకుల్, మన తెలుగు సంఘం పత్రికకి నాన్న గురించి మీరే రాయాలి" అంది లావణ్య.

"ఒట్టి మంచి రాయడం నాకు చేతకాదమ్మా."

"తెలుసు. రాయండి."

మేమిద్దరం ఒకే కార్ల కంపెనీలో బ్రేకుల విభాగంలో పనిచేశాం. నా డ్రాయింగులో అర మిల్లీమీటరు తేడాను పై అధికారి ఎదుటే ఎర్ర సిరాతో చుట్టి చూపిన మహానుభావుడు ఆయన. "జాలి వేరు, రాత వేరు" అనేవారు. వాళ్లింట్లో టీ తాగి బాగుందన్నా, "చక్కెర ఎక్కువైంది, అబద్ధమాడకు" అని కసిరేవారు.

బేస్‌బాల్ నియమావళిని ఆయన వేదంలా వల్లె వేశారు. సెలవు రోజుల్లో ఒక చిన్న ప్రొఫెషనల్ జట్టుకు అధికారిక స్కోరర్‌గా కూర్చునేవారు. నేను పక్కన సహాయకుణ్ణి. బ్యాటర్ గొప్పగా కొడితే హిట్, ఫీల్డర్ చేజార్చుకుంటే ఎర్రర్. ఏది ఏదో తేల్చేది స్కోరరే.

దాదాపు నలభై ఏళ్ల కిందటి ఒక ఆదివారం మధ్యాహ్నం. ఎనిమిది ఇన్నింగ్స్ గడిచినా ఏ జట్టూ ఒక్క పరుగు చేయలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టు ఆటగాడు పరుగుకు ఒక్క మెట్టు దూరంలో, మూడో బేస్ మీద ఉన్నాడు. ఇంకొక్కరు అవుటైతే గండం గడిచినట్టే. నేలబారుగా దూసుకొచ్చిన బంతి రెండు, మూడు బేస్‌ల మధ్య కాపు కాసే మా షార్ట్‌స్టాప్ డ్యానీ ముందు గులకరాయికి తగిలి ఎగిరి, అతని భుజాన్ని కొట్టి అవతల పడింది. ఈలోగా మూడో బేస్ మీదివాడు పరుగు పూర్తి చేశాడు. ఆ ఒక్క పరుగుతోనే మేం ఓడిపోయాం.

విశ్వనాథం గారు ఎర్రర్ అని రాశారు.

"రాయి తగిలిందండీ, హిట్ కదా" అన్నాను.

"పట్టవలసిన బంతి."

మా జట్టు మేనేజర్ మెట్లెక్కి వచ్చి, హిట్‌గా మార్చమని అరిచి, "క్రికెట్ దేశం నుంచి ఊడిపడ్డవాడికి మా ఆట ఏం తెలుసు?" అన్నాడు. ఇంకా నీచమైన మాటలూ అన్నాడు. ఆయన తలెత్తలేదు. తీర్పు మార్చుకోవడానికి ఒక రోజు గడువుంది. మర్నాడు బతిమాలాను, వినలేదు. వారం తిరక్కుండా డ్యానీని జట్టులోంచి తీసేశారు. ఆ ఒక్క ఎర్రరే కారణమని చెప్పలేను. మేనేజర్ మాత్రం తను కాదన్న ఆ ఎర్రర్‌నే సాకుగా చూపించాడు.

కిందటేడు ఆస్పత్రిలో ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"అది హిట్టే, సారథీ. మర్నాడు పొద్దున్నే అర్థమైంది."

"మరి మార్చలేదేం?"

"ఆ మేనేజర్ అన్న మాటలు విన్నావుగా. మారిస్తే వాడి మాటే నిజమయ్యేది."

"ఇప్పుడైనా డ్యానీకి చెప్పండి."

"వద్దు."

చెయ్యి విడిపించుకుని వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. ఆయన పడ్డ అవమానం నాకు తెలుసు, నేనూ పడ్డాను. కానీ దాని మూల్యం ఏ పాపమూ ఎరగని ఇరవై రెండేళ్లవాడు చెల్లించాడు.

ఆయన పోయాక డ్యానీ నంబరు వెతికి పట్టుకుని, ఆయన ఒప్పుకున్న ఆ మాట చెప్పాను. అంత్యక్రియలు ఎప్పుడని మాత్రం అడిగాడు. మూడు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చి, శవపేటిక పక్కన నిలబడ్డాడు. "ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది" అన్నాడు ఆయన ముఖం వంక చూస్తూ. ఎవరితోనూ చెయ్యి కలపకుండా వెళ్లిపోయాడు.

నాకు పని నేర్పిన గురువు ఆయన. ఆ అసాధారణ ప్రజ్ఞకు శిరసు వంచుతున్నాను. అటువంటి సూక్ష్మదృష్టి మళ్లీ చూడబోను. కోపం మాత్రం చల్లారలేదు.

డ్యానీ కారు వెళ్లిపోయాక లావణ్య పార్కింగ్‌లో నా పక్కకొచ్చి నిలబడింది.

"ఆయన అన్న మాట విన్నాను. అది హిట్టని నాన్నకి తెలిసీ మార్చలేదా, అంకుల్?"

"తెలిసే, అమ్మా."