మా మేనత్త మట్టెలు

బస్సులో ఒంటి మీది నగల గురించి ఎవరు ఆరా తీసినా మా మేనత్త అంతకంటే ముదురు ఎదురుప్రశ్న వేసేది. "ఎన్ని తులాలక్కా?" అంటే, "నీ కోడలు నీకు బువ్వ పెడ్తుందా?" అనేది. అడిగినవాళ్లు గబుక్కున కిటికీ వైపు తిరిగేవారు.

మామ చనిపోయిన ఏడాది, నేనూ అత్తా బీర్కూర్ నుంచి బాన్సువాడకు బస్సులో వెళ్తున్నాం. పక్క సీటులోని ముసలామె అత్త కాళ్లకేసి అదే పనిగా చూసి, "మీ ఆయన ఏం పని జేస్తడు బిడ్డా?" అంది.

"ఏం జేస్తలేడు. సచ్చిపోయిండు."

"మరి గీ మట్టెలేంది?"

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. అత్త మాత్రం కాళ్లు ఇంకాస్త ముందుకు చాపింది.

"సచ్చింది ఆయన. నా కాళ్లు మంచిగనే ఉన్నయి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ముసలామె మాత్రం ఎప్పుడో మట్టెలు తీసేసిన తన కాలివేళ్లను చాలాసేపు చూసుకుంది. తర్వాత అత్త చెవి దగ్గరికి వంగి, "యాడ గొన్నవ్ బిడ్డా?" అని గుసగుసగా అడిగింది.

అత్త బస్సంతా వినబడేలా అంది: "దిగినంక నా ఎంబడి రా అవ్వా. మువ్వలున్నయి తీస్కుంటవా, ఉత్తయా?"