పాటలో పడ్డ దగ్గు

రాజోలు దాటి కాలవగట్టున పడి కాస్త దూరం నడిస్తే కుడిచేతి వైపు ఒక తాటాకు పాక ఉండేది. పాక ముందు రెండు మైకు బూరలు బోర్లించి ఉండేవి, వాటి మీద కోళ్ళు ఎక్కి కూర్చునేవి. అదే మైకుసెట్టు లాజరు షాపు. పెళ్ళయినా, సువార్త సభ అయినా, సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠి అయినా, ఎలక్షన్లయినా ఆ బూరలు కొబ్బరిచెట్టు ఎక్కాల్సిందే.

డిసెంబరు నెల వచ్చిందంటే లాజరుకి ఊపిరాడేది కాదు. గుడికి ధనుర్మాసం, చర్చికి క్రిస్మసు. రెండుచోట్లా అతనిదే మైకు. గుడిలో తెల్లవారుజాము పాటలు అయ్యేదాకా చర్చి బూర మోగనిచ్చేవాడు కాదు. చర్చిలో ప్రార్థన వేళకి తానే సైకిలు మీద వెళ్ళి గుడి బూర సౌండు తగ్గించి వచ్చేవాడు. ఎవరూ చెప్పింది కాదు. చేస్తున్నట్టు ఎవరికీ తెలిసిందీ కాదు.

ఊరందరి గొంతులూ పెద్దవి చేసిపెట్టిన ఆ మనిషికి తన గొంతంటే మాత్రం సిగ్గు. చిన్నతనంలో ఏదో జబ్బు చేసి గొంతు బొంగురుపోయింది. దానికి తోడు ఒక దగ్గు పట్టుకుని, ఎన్ని కషాయాలు తాగినా వదల్లేదు. ఆదివారపు బడిలో పాటలు నేర్పే మాస్టారు ఒకనాడు దగ్గరికి తీసుకుని, "నువ్వు పెదాలు కదుపు చాల్రా నాయనా, ఆ పైనున్న ఆయనకి వినపడుద్దిలే" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. లాజరు కూడా మంచిగానే తీసుకున్నాడు. ఆనాటినుంచి చర్చిలో పెదాలు కదపడమే. పెద్దయ్యి మైకుసెట్టు పెట్టుకున్నాక కూడా, మైకు పనిచేస్తోందో లేదో చూడ్డానికి గోటితో టకటకా కొట్టేవాడు, 'ఫూ' అని ఊదేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు.

ఎనభై మూడులో, ఎండలు ముదిరిన రోజుల్లో, సత్తెమ్మ మనవరాలిని చంకనేసుకుని, పాతచీరలో చుట్టిన టేప్‌రికార్డరు పట్టుకుని పాక దగ్గరికి వచ్చింది.

"లాజరూ, ఇది నోరు మూసుకుందిరా అయ్యా. రాత్రినించీ పిల్ల కన్ను మూస్తే ఒట్టు."

"తేవే సత్తెమ్మత్తా. కూకో. ముందు ఆ పిల్లకి నీళ్ళు పట్టు, ఏడ్చి ఏడ్చి మొహం కందిపోయింది."

సత్తెమ్మ కొడుకు సత్యం కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టు మీంచి పడి కాలు విరిగి మంచాన పడితే, కోడలు సలోమి మస్కట్‌లో ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్ళింది. అప్పటికి వాళ్ళ కూతురు దీవెన ఇంకా పాలు మానలేదు. వెళ్ళేముందు పొరుగువాళ్ళ టేప్‌రికార్డరు అడిగి తెచ్చుకుని, పిల్ల ఉయ్యాల పక్కనే కూర్చుని సలోమి ఒక క్యాసెట్టు నిండా జోలపాటలు పాడి పెట్టింది. మస్కట్ వెళ్ళాక మొదటి జీతం అందగానే ఈ టేప్‌రికార్డరు కొని, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపించింది. అమ్మ పాట పెడితేగాని దీవెన పడుకునేది కాదు.

లాజరు డబ్బా విప్పి చూశాడు. టేపు చక్రాలకి చుట్టుకుపోయి నలిగిపోయింది. పెన్సిలుతో తిప్పి, వేళ్ళతో సాపుచేసి, వెలుతురుకి పట్టి చూసి పెదవి విరిచాడు.

"దీనికింక ఒక్కసారికే ఉంది అత్తా ప్రాణం. మళ్ళీ పెడితే తెగిపోద్ది. ఆ ఒక్కసారిలోనే కొత్త క్యాసెట్టులోకి ఎక్కించేసెయ్యాలి."

"ఎక్కించు మరి. నీకు తెలవందా?"

"ఎక్కించడానికి నా వైరు పిన్ను మీ మస్కట్ డబ్బాకి పట్టట్లేదు. నా దాంట్లో పాట పెట్టి, పక్కన నీ దాన్ని పెట్టి పట్టాలి. అంటే గాలిలోంచే. చీమ చిటుక్కుమనకూడదు. నువ్వు పిల్లనేసుకుని ఇంటికెళ్ళు."

మధ్యాహ్నం భోజనాల వేళ, ఊరు సద్దుమణిగాక, లాజరు కోళ్ళని అవతలికి తోలాడు. పాక తడిక మూశాడు. రెండు డబ్బాలూ ఎదురెదురుగా పెట్టి, మీటలు నొక్కి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

ముందు ఏమీ లేదు. బుస్సుమని వాన దూరంగా పడుతున్నట్టు ఒక చప్పుడు. తర్వాత కిర్రు... కిర్రు... అని ఉయ్యాల తాళ్ళు. ఆ కిర్రుకిర్రు మీద, ఎక్కడ మొదలైందో తెలియకుండా ఒక గొంతు.

లాజరు చేతుల మీదుగా ఎన్ని పాటలు వెళ్ళాయో లెక్కలేదు. అవన్నీ బూరల్లోంచి వచ్చి ఊరిమీద పడే పాటలు. ఇది అలాంటిది కాదు. వినమని ఎవరినీ అడగని గొంతు. పక్క గదిలో మనిషి నిద్రలేస్తాడేమోనని భయపడుతూ పాడినట్టుంది. ఆదివారపు బడి పాట ఒకటి, నాట్లలో పాడుకునేది ఒకటి, తర్వాత ఎక్కడా విననివి, సలోమి తానే కట్టుకున్నవి. వాయిద్యం లేదు, తాళం లేదు. ఉయ్యాల కిర్రుమన్నప్పుడల్లా ఒక మాట. పాటకీ పాటకీ మధ్య ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా ఉంది. రోజూ కాలవలో బట్టలుతుకుతూ కనిపించిన పిల్లలో ఇదంతా ఉందా అనుకున్నాడు లాజరు. తడిక సందులోంచి పడ్డ ఎండ అతని మోకాలి మీదికి వచ్చింది. అయినా అతను పక్కకి జరగలేదు.

ఇంతలో ఈ పాట వచ్చింది.

*గోదారి ఒడ్డున గూటిపడవ*
*గూట్లోన నా పాప నిదరపోవ*
*తెరచాప ఎత్తకే తెమ్మెరా*
*తెల్లారేదాకా కదపకే...*

అక్కడ సలోమి గొంతు ఆగిపోయింది. తెల్లారితే ప్రయాణం మరి. పాట లేదు. ఉయ్యాల మాత్రం ఊగుతూనే ఉంది. ఆ మౌనంలో లాజరు కళ్ళు చెమర్చాయి. కళ్ళతోపాటు గొంతులో దురద కూడా మొదలైంది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. సరిగ్గా అప్పుడే గట్టు మీంచి బుచ్చిరాజుగారు, ఇంట్లో పెళ్ళికి మైకు మాట్లాడుకుందామని, "ఒరే లాజరూ!" అని కేకేశారు.

పెద్దమనిషి పిలిస్తే పలకకుండా ఉండడం లాజరు ఎరగడు. ఖళ్ళు ఖళ్ళుమని దగ్గు, ఆ వెనకే నోట్లోంచి అలవాటుగా పలికే జవాబు వచ్చేసింది:

"ఆయ్!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు. టేపులో సలోమి తేరుకుని మళ్ళీ పాడుతోంది. ఇక ఆపడానికి లేదు. చివరిదాకా కూర్చుని, పాట అయ్యాక కొత్త క్యాసెట్టు వేసి చూసుకున్నాడు. దూరాన్నించి పిలిచిన బుచ్చిరాజుగారి కేక పడలేదు. తన దగ్గూ, తన 'ఆయ్'యీ మాత్రం పక్కన కూర్చుని పలికినట్టు పడ్డాయి. మరోసారి ఎక్కిద్దామని పాతదాన్ని వెనక్కి తిప్పబోతే అది పుటుక్కుమని రెండుచోట్ల తెగింది.

సాయంత్రం సత్తెమ్మ వస్తే తలొంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. సత్తెమ్మ పకపకా నవ్వింది.

"నీ దగ్గేగదరా పడింది, పిడుగు కాదుగా. మా కోడలి పాట బతికించేవు. అది చాలు." కొంగులోంచి రెండు కొబ్బరిలౌజు ఉండలు తీసి అతని చేతిలో పెట్టింది. "పైసలిత్తే పుచ్చుకోవు, ఇయ్యన్నా తిను."

ఆ పాటల సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, క్రిస్మసుకి మైకులో వెయ్యమని కుర్రాళ్ళు అడిగారు. ఒక్క పాట వేసిపెడతానని లాజరు సత్తెమ్మని అడిగి తెచ్చి, ముందుగా పొలంలో ఒక బూర పెట్టి చూశాడు. బూరలోంచి వచ్చేసరికి అది పాటే కాదు, వట్టి బుసలాగుంది. వెంటనే ఆపేసి, క్యాసెట్టు తువ్వాల్లో చుట్టి తిరిగి ఇచ్చేశాడు. "అది ఊరు వినే పాట కాదురా," అన్నాడు కుర్రాళ్ళతో. "దగ్గిరికెళ్ళి వినేది."

ఎనభై అయిదు మార్చిలో సలోమి సెలవు మీద వచ్చింది. ఈస్టరు దాటాక మళ్ళీ ప్రయాణం అన్నారు. సత్యం అప్పటికి కర్ర సాయంతో నడుస్తున్నాడు, ఇంటిముందు చిన్న బడ్డీ పెట్టుకున్నాడు. అందరూ ఆనందంగానే ఉన్నారు, దీవెన తప్ప.

"ఈవిడెవరు మామ్మా?" అంది సత్తెమ్మ వెనక నక్కి.

"మీ అమ్మే పిచ్చిమొకమా!"

"కాదు. అమ్మ అందులో ఉంది," అని టేప్‌రికార్డరు చూపించింది.

బొమ్మలు పుచ్చుకుంది. చాక్‌లెట్లు తింది. ఒళ్ళోకి మాత్రం రాలేదు. మధ్యాహ్నం నిద్రవేళకి టేప్‌రికార్డరు పక్కన చాప మీద పడుకుని, దాని మీద చెయ్యి వేసుకునేది. సలోమి గుమ్మంలో నిలబడి తన గొంతు తానే వింటూ, తనమీద తనకే కుళ్ళు పుట్టి ఒకరోజు ఆ డబ్బా అటకెక్కించేసింది. పిల్ల ఏడ్చిన ఏడుపుకి ఒళ్ళు వెచ్చబడింది. మళ్ళీ దింపేదాకా సత్యం ఊరుకోలేదు.

"నేనెళ్ళిపోతానండి," అంది సలోమి అత్తగారితో. "ఈస్టరు కూడా ఆగను. అక్కడ ఎవరి పిల్లలో నా చేతికొత్తారు. నా కడుపున పుట్టింది రాదు. ఇంకెవరి కోసం ఉండమంటారు?"

"డబ్బాలో ఎలాగ పాడేవో అలాగ పాడి చూడవే. మస్కట్ పోయొచ్చి గొంతు పెద్దది చేసేవు నువ్వు."

మర్నాడు సలోమి పిల్లవైపు చూడకుండా, గోడకి ఆనుకుని కూర్చుని, ఒకప్పటిలా గొంతు తగ్గించి ఎత్తుకుంది. దీవెన ఆట ఆపింది. రెండో పాటకి దగ్గరికి జరిగింది. గూటిపడవ పాట వచ్చేసరికి తల్లి మోకాలి మీద చెయ్యి వేసింది. *తెల్లారేదాకా కదపకే* అని సలోమి ముగించి మళ్ళీ మొదటికి రాబోతే పిల్ల చెయ్యి తీసేసింది.

"గాలి ఆయ్ అనలేదు."

"ఏంటమ్మా?"

"కదపొద్దని చెప్పేవుగా. గాలి దగ్గి, ఆయ్ అనాలి. అనకపోతే పడవ ఎళ్ళిపోద్ది."

సలోమికి వెంటనే అర్థం కాలేదు. సత్తెమ్మకి అయ్యింది. తానే దగ్గి "ఆయ్" అంది. "నువ్వు కాదు మామ్మా," అంది దీవెన. బడ్డీలోంచి సత్యం బొంగురుగా అనబోతే పిల్ల నవ్వేసింది గాని, వెళ్ళి డబ్బా పక్కనే పడుకుంది.

ఎండ చల్లబడకముందే అత్తాకోడళ్ళిద్దరూ లాజరు పాక దగ్గర ఉన్నారు.

"నేనా?" అన్నాడు లాజరు, విన్నాక. "ఊరుకోమ్మా. నా గొంతేంటి, బిడ్డ జడుసుకుంటాది."

"జడుసుకోవడమేంటన్నయ్యా? రెండేళ్ళ నించీ నీ గొంతు వినే పడుకుంటంది," అంది సలోమి. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "నాకంటే నువ్వే ఎక్కువ జోకొట్టేవు దాన్ని."

లాజరు తల ఊపాడు. మర్నాడు తలంటుకుని, చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చి, అరుగు మీద, కిటికీ కింద, పిల్లకి కనపడకుండా కూర్చున్నాడు. "పెళ్ళిచూపులకి వచ్చేవేంటి బావా?" అని సత్యం ఎగతాళి చేస్తే వేలు నోటిమీద పెట్టాడు.

లోపల సలోమి పాడింది. వరసగా అన్నీ, క్యాసెట్టులో ఉన్నట్టే. పాట గూటిపడవ దగ్గరికి వచ్చింది. *తెల్లారేదాకా కదపకే...* ఆగింది.

లాజరు దగ్గబోయాడు. రాలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ పిలవకుండా వచ్చి పరువు తీసిన దగ్గు, కావలసిన వేళకి గొంతు అంచుకి కూడా రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ఉత్తి గాలి. లోపల దీవెన తల ఎత్తింది. సలోమి కిటికీవైపు చూసింది. 'తండ్రీ, ఈ ఒక్కసారికి పంపు' అనుకున్నాడు లాజరు, ఇన్నాళ్ళూ ఏ దగ్గు పోగొట్టమని అడిగాడో ఆ దగ్గుని. ఆ కంగారుకి గొంతు ఎండిపోయి, ఎక్కడో చిన్న దురద మొదలైంది.

ఖళ్ళు ఖళ్ళు. "ఆయ్!"

 లోపల్నించి దీవెన గొంతు వినపడింది, ఎవరికో చెబుతున్నట్టు కాకుండా, తనలో తానే.

"ఒప్పుకుంది."

చాప మీద చిన్న పాదాల చప్పుడు. సత్తెమ్మ కిటికీలోంచి ఒంగి, లాజరుకి చేత్తో సైగ చేసింది, తల్లి భుజం మీద పిల్ల తల వాల్చిందని. సలోమి తర్వాత పాట ఎత్తుకుంది. గొంతు కాస్త వణికింది గాని ఆగలేదు. మస్కట్ మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

లాజరుకి లేచి వెళ్ళిపోదామనే ఉంది. కానీ ఒకసారి నిద్రలేచిన దగ్గు ఇంక ఊరుకునేలా లేదు. గొంతులో చీమలు పాకుతున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తెల్లచొక్కా అంచు నోట్లో కుక్కుకుని, ఊపిరి బిగబట్టి, అరుగు మీద బొమ్మలా కూర్చున్నాడు. తర్వాత పాటలో దగ్గు లేదు మరి.

పిల్ల పూర్తిగా నిద్రపోయిందని సత్తెమ్మ సైగ చేశాక, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టుదాకా నడిచి వెళ్ళి, అక్కడ కాలవకేసి తిరిగి, తనివితీరా దగ్గుకున్నాడు.